యాన్ ఆర్బర్‌కి కొత్త: 2023 సీజన్ సంగతేంటి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆగస్టులో మాస్టర్స్‌కి వచ్చాను. ల్యాబ్‌లో ఎవరిని కదిలించినా మిషిగన్ యూనివర్సిటీ జట్టు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్, 2023 సీజన్. నాకు క్రికెట్ తప్ప ఏదీ తెలీదు. సీనియర్లు కాస్త చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, రూల్సన్నీ బట్టీ పట్టక్కర్లేదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు దొరుకుతాయి. ఇది పట్టుకుని, నవంబర్ 11న పెన్ స్టేట్‌తో ఆడిన మ్యాచ్ చూడు. అంతకుముందు రోజే కోచ్ జిమ్ హార్బాపై సస్పెన్షన్ పడింది. ప్రత్యర్థుల సైగలు దొంగచాటుగా వీడియో తీయించారని జట్టు మీద ఆరోపణ. ఆ రోజు నడిపించింది అసిస్టెంట్ కోచ్ షెరోన్ మూర్. రెండో క్వార్టర్ నుంచి చివరిదాకా, అధికారిక లెక్కల్లో వరసగా 32 సార్లు, పాస్ (బంతి ముందుకు విసరడం) అన్న మాటే లేకుండా బంతి పట్టుకుని పరుగే! ఏం చేయబోతున్నారో అవతలివాళ్ళకి తెలుసు, అయినా ఆపలేకపోయారు. 24-15. మ్యాచ్ అయ్యాక మూర్ టీవీ కెమెరా ముందు ఏడ్చేశాడు. ఈ జట్టు అర్థం కావాలంటే ఆ మ్యాచే చూడాలి.

మన బద్ధ ప్రత్యర్థి ఒహాయో స్టేట్‌ని 30-24తో ఓడించాక, జనవరి 1న రోజ్ బౌల్, అంటే సెమీఫైనల్, అలబామాతో. నిమిషంన్నర మిగిలుండగా స్కోరు సమం చేశారు. ఓవర్‌టైమ్‌లో మన బ్లేక్ కోరమ్ టచ్‌డౌన్ కొట్టాడు, అంటే బంతితో అవతలివాళ్ళ గోల్ గీత దాటాడు. ఇక అలబామాకి చివరి ప్రయత్నం, గీతకి మూడే గజాలు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) నేరుగా మధ్యలోకి దూసుకొచ్చాడు, మనవాళ్ళు గోడలా నిలబడి అక్కడే పడేశారు. 27-20. నాకైతే ఫైనల్ కన్నా ఇదే గొప్ప. ఆ ఫైనల్ హ్యూస్టన్‌లో, వాషింగ్టన్ మీద 34-13తో గెలిచి, పదిహేనుకి పదిహేను మ్యాచ్‌లూ పూర్తిచేశారు. 1997 తర్వాత మొదటి జాతీయ టైటిల్. ఆ సైగల ఆరోపణల మీద 2025లో భారీ జరిమానా పడింది కానీ గెలుపులు తీసెయ్యలేదు. ఒహాయో వాళ్ళెవరైనా ఎత్తితే వాదనకి దిగకు.

ఇంకో జవాబు:
అన్నయ్య ఆట చెప్పారు, నేను మిగతాది చెప్తాను. స్టేడియంలో లక్షా ఏడు వేల పైచిలుకు సీట్లు. మ్యాచ్ ఉన్న శనివారం కారు తీశావా, ఇరుక్కున్నట్టే. సరుకులు శుక్రవారమే తెచ్చుకో. బ్యాగు ఇంట్లో వదిలెయ్. స్టూడెంట్ సెక్షన్‌లో ఆసాంతం నిలబడే చూస్తారు, మంచి బూట్లు వేసుకో. నవంబర్‌లో లోపల థర్మల్స్ తప్పనిసరి. పసుపో నీలమో వేసుకో, ఒహాయో స్టేట్ వారంలో వాళ్ళ రంగు ఎర్ర చొక్కా మాత్రం బీరువాలోంచి తియ్యకు. ఈ శనివారం మా వాళ్ళు నలుగురు వెళ్తున్నారు, తోడు కావాలంటే ఇక్కడే చెప్పు.