పాత బోర్డు స్కూలు: ఎప్పుడు కట్టిందో ఎలా తేల్చాలి? గ్రంథాలయానికి పనికొస్తుందా?

ప్రశ్న:
కోస్తాలో ఒక ఊరి బోర్డు స్కూలు ఇది. పిల్లలు కొత్త బిల్డింగుకి మారిపోయారు. డంగు సున్నంతో కట్టిన ఇటుక గోడలు, తాటి దూలాలు, మంగళూరు పెంకు. శిలాఫలకం లేదు. ఎరువుల గోదాముకి ఇద్దామని కొందరు, గ్రంథాలయం పెడదామని కొందరు అంటున్నారు. గోడల అడుగున పెచ్చులూడుతున్నాయి. సిమెంటు పూయించొచ్చా?

జవాబు 1:
ముందు పేరు సంగతి. జిల్లా బోర్డుల కాలపు బళ్లే 1959లో పంచాయతీ సమితులు వచ్చాక సమితి స్కూళ్లయ్యాయి, 1980ల్లో మండల పరిషత్ స్కూళ్లయ్యాయి. పెద్దవాళ్లు ఇంకా బోర్డు స్కూలు అంటున్నారంటే బడి 1959కి ముందుదే కావచ్చు. బిల్డింగు అంత పాతదని మాత్రం అనుకోకండి, చాలా బళ్లు అరుగుల మీదా సత్రాల్లోనూ మొదలైనవే.

పాత అడ్మిషన్ రిజిస్టర్ కొత్త బడి హెడ్మాస్టరు దగ్గర అడగండి. స్థలం గ్రామకంఠంలో (ఊరి ఇళ్లున్న భూమిలో) ఉంటే ఆర్.ఎస్.ఆర్.లో, అంటే రెవెన్యూ వాళ్ల పాత భూముల రిజిస్టర్లో, బడి విడిగా కనిపించదు, కంఠం మొత్తానికీ ఒకటే సర్వే నంబరు ఉంటుంది. అప్పుడు పంచాయతీ ఆస్తుల రిజిస్టరే దిక్కు.

పెంకు తిరగేసి చూడండి. మంగళూరు వైపు పెంకు ఫ్యాక్టరీలు నడిపిన బాసెల్ మిషన్ ముద్ర ఉంటే మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి ముందుది, ఆ ఫ్యాక్టరీల తర్వాతి పేరు కామన్వెల్త్ అని ఉంటే ఆ తర్వాతది. ఒక్క పెంకుని నమ్మొద్దు, పగిలినచోట వేరే ఊరి పెంకు వేసేవాళ్లు. నాలుగైదు చోట్ల చూడాలి.

జవాబు 2:
సిమెంటు వద్దే వద్దు. నేల తేమ సున్నపు గోడలోంచి ఆరిపోతుంటుంది. పైన సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి తేమ ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పేరుకుని రెండు మూడు వానాకాలాల్లో ఆ పూతే పలకలుగా ఊడుతుంది. ప్లాస్టిక్ పెయింటూ అంతే. ఊడినంత మేర గోకేసి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతో పూయించండి. సున్నం కనీసం రెండు వారాలు గుంటలో నానాలి, లేకపోతే ఉడకని పలుకులు తర్వాత పూతలో పొక్కులు లేపుతాయి.

దూలాల్లో గోడలోకి దిగిన కొసల్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. చెద పట్టేది అక్కడే, పైకి కనపడదు. పెంకు మార్చాల్సొస్తే వంద చదరపు అడుగుల కప్పుకి 140 లెక్క, విరిగేవాటికి పది ఎక్కువ.

జవాబు 3:
ఎరువుల గోదాముకి ఇవ్వకండి. బస్తాల నుంచి రాలిన ఎరువు తేమతో కరిగి గోడలోకి దిగితే ఆ ఉప్పు ఎన్నేళ్లకీ పోదు, తర్వాత ఏ పూతా నిలవదు. గ్రంథాలయమే నయం. బీరువాలు మాత్రం గోడకి ఆనించకుండా జానెడు దూరం ఉంచి, కింద రాతి పలకలు వెయ్యండి. తుఫాను షెల్టరుగా రాయించుకోకండి, పెంకుటి కప్పు ఆ గాలికి ఆగదు.