సముద్రం లేని ఊరోన్ని, ఓడదొంగ కథ రాస్తున్న. నా హీరో నవ్వు ఎందుకు అతుకుతలేదు?

కాజీపేట_పోరడు
అన్నలు, అక్కలు, జర సలహా జెప్పుండ్రి. నైట్ డ్యూటీల నడుమ ఫోన్ల కథ రాస్తున్న. హీరో పేరు గాలన్న. ఓడదొంగ. ఆకలైతే తింటడు, నిద్రొస్తే ఓడ మీద తాడు చుట్టల్నే పంటడు, రేపటి ముచ్చట రేపే. ఏడు దీవులను ఏలెటోడు నల్ల చక్రవర్తి. వాని పేరు వింటే ఏడ్చే పిల్లలు గూడ నోరు మూస్తరు.

ఆరో భాగంల గాలన్న సక్కగ దర్బారుకు పోయి, గద్దె మెట్ల మీద కూసోని, జామపండు కొరుక్కుంట "నువ్వే దిగుతవా, నేను దించాల్నా" అని నవ్వుతడు. నాకైతే మస్తు నచ్చింది. మా చెల్లె చదివి, "వానికి పొయ్యేదేముందని నవ్వడు? మన గల్లీల ఖాళీగ తిరిగే పోరలు గూడ గిట్లనే నవ్వుతరు" అన్నది. గప్పట్నుంచి ఏడో భాగం ముందటికి పోతలేదు. నవ్వు తీసేద్దామంటే వాడు గాలన్నే కాడు.

పాకాల_కట్టమీద
ఐదు భాగాలు చదివిన తమ్మీ. చక్రవర్తి గడ్డం నల్లగ, గుర్రం నల్లగ, కోట నల్లగ. వాడు ఎవలికి ఏం జేసిండో ఒక్క ముక్క లేదు. మీ చెల్లె గాలన్నను అన్నది గని, కొరత చక్రవర్తి దగ్గరుంది.

జనగామ_సారు
పైన చెప్పింది నిజం. దౌర్జన్యం అంటే తలలు నరకడమే అనుకుంటాం. సముద్రం మీద దానికి వేరే దారి ఉండేది. మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చూడు. ఓడ తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారని అందులోనే రాసి ఉంది. మునిగినవాణ్ణి మళ్లీ ముంచడమన్నమాట! మేం అట్లా చేయం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మీదే అని కాకతీయ రాజు వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, పోకచెక్కలు... ఏ సరుకు మీద ఎంతో కూడా చెక్కించాడు.

ఓరుగల్లులో కూర్చున్న రాజుకు సముద్రం మీద అంత పట్టింపు ఉంటే, కాజీపేటలో కూర్చున్న నీకు ఎందుకు ఉండొద్దు? నీ చక్రవర్తి ఆ పాత రాజుల బాపతు అనుకో. పగిలిన ప్రతి ఓడా వాడి సొత్తే. అప్పుడు గాలన్న ఎవరి సరుకు దొంగిలిస్తున్నట్టు?

ఖిలాషాపురం_బిడ్డ
సారు మంచి ముచ్చట జెప్పిండ్రు. నాది ఇంకో అనుమానం. దర్బారు దాక గాలన్న ఎట్ల పోయిండు? కావలోల్లు నిద్రవోయిన్రా?

మొగలుల మీద తిరగబడ్డ మా సర్వాయి పాపన్ననే చూడు. 1708ల వరంగల్ మీద పడ్డది మొహర్రం దినాలల్ల, పట్నమంత ఆ పనుల మీద ఉన్నప్పుడు. మొండి ధైర్యం ఒక్కటే కాదు, అదును చూసుడు గూడ ఉన్నది. 1709ల హైదరాబాద్‌ల బహదూర్ షా దర్బారుకు పోయింది కత్తి పట్టుకోని కాదు, కానుకలు పట్టుకోని. బాదుషా తీసుకున్నడు గూడ. మల్ల ఏడు, 1710ల, పాపన్నను పట్టి చంపిన్రు. దర్బారు తలుపు కానుకకు తెరుసుకుంటది, గని ఆ మర్యాద ఎన్నాళ్లో చెప్పలేం. గాలన్నకు ఇది ఎరుకై గూడ నవ్వితే నేను నమ్ముత. ఎరుక లేక నవ్వితే మీ చెల్లె మాటే నా మాట.

వేటపాలెం_కోడలు
మా పుట్టిల్లు సముద్రం పక్క, ఇప్పుడు ఉండేది హన్మకొండ. కథ సంగతి పెద్దలు చెప్పారు, నాది ఒక్కటే. తాడు చుట్టలో ఎవరూ పడుకోరు బాబూ! లంగరు వేసినప్పుడు ఆ తాడు సర్రున పరుగెడుతుంది, చుట్టలో కాలుంటే కాలు పోతుంది. అక్కడ పడుకున్నవాణ్ణి సరంగు, అంటే ఓడ పనివాళ్ల పెద్ద, తన్ని లేపుతాడు. గాలన్నను తెరచాప నీడన పడుకోబెట్టు. పడవ మీద ఎంత జల్సారాయుడికైనా తాడు దగ్గర ఒళ్లు దగ్గరే ఉంటుంది.

కాజీపేట_పోరడు
అక్కా, తాడు చుట్ట మార్చిన. తన్ని లేపే సరంగును గూడ పెడుతున్న, ముసలోడు, గాలన్నకు వాడొక్కడంటేనే భయం.

దర్బారు సీను గిట్ల తిప్పిన. గాలన్న కానుకల పెట్టెలు మోపించుకోని పోతడు. చక్రవర్తి మురిసి మూతలు తీపిస్తడు. అన్నీ వాని గోదాముల నుంచి రాత్రి ఎత్కొచ్చినయే, పగిలిన ఓడల సరుకు, వర్తకుల ముద్రలు గూడ చెరగలే. గాలన్న జామపండు కొరుక్కుంట ఒక్కొక్క ముద్ర చూసి సొంతదారు పేరు సదువుతడు. ఆ వర్తకులల్ల ముగ్గురు ఆ దర్బారుల్నే చేతులు కట్టుకోని నిలబడి ఉంటరు. నాలుగో పెట్టె మీద ముద్ర ముసలి సరంగు కొడుకుది, ఓడతో మునిగిపోయినోడు. గా పేరు దగ్గర గాలన్న పండు పక్కకు పెడతడు. మా చెల్లెకు ఇంక చూపియ్యలే.

సారూ, ముప్పయ్యో వంతంటే ముప్పై బస్తాలకు ఒక బస్తానే గదా? గాలన్న ఆ లెక్కనే చక్రవర్తికి ఒక్క పెట్టె ఇడిచి, మిగిలినయి మోపించుకోని పోవాలె.

జనగామ_సారు
ఒకటే. అయితే పెట్టెలు ముప్పై ఉండాలి మరి, లెక్క సరిచూసుకో.