బుల్లెట్ 350: బోరింగ్ అయ్యాక హోనింగ్ కావాలా, దండగా?

గోదారిబండి:
పోత ఇనుము సిలిండర్, 70 మి.మీ. బోరు (లోపలి రంధ్రం). పైఅంచు దగ్గర మెట్టు పడింది. 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) ఓవర్‌సైజ్ పిస్టన్ తెచ్చాను. బోరింగ్ బార్‌తోనే (బోరును కోసి పెద్దది చేసే పనిముట్టు) ఫైనల్ సైజు తెస్తా, హోనింగ్ (రాళ్లతో రుద్ది సైజుకి తేవడం) దండగ అంటున్నాడు లేతాయన. ఏం చేయమంటారు?

లేతుపని:
ఆయన చెప్పిందే కరెక్టు. బిట్ పదునుగా ఉండి ఆఖరి కోత సన్నగా తీస్తే బోరు నున్నగానే వస్తుంది. మిగతాది రన్నింగ్‌లో పిస్టన్ రింగులే చూసుకుంటాయి.

కొలతరాయుడు:
నున్నగా కనబడుతుందంతే. పైనుంచి కిందికి గోరు గీసి చూడండి, బోల్టు మరల మీద గీసినట్టు గరగరమంటుంది. ఆ మొనలు అరిగాక క్లియరెన్స్ (పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు) పెరుగుతుంది, పొడి ఆయిల్లో కలుస్తుంది. బోరింగ్ 0.05 నుంచి 0.08 మి.మీ. తక్కువలో ఆపాలి. మిగతాది 180 నంబరు రాయితో తీసి, చివర్లో 280 (నంబరు పెరిగితే రాయి సన్నన). గీతలు 45 డిగ్రీల దగ్గర అల్లుకోవాలి, ఆయిల్ నిలిచేది వాటిలోనే.

లేతుపని:
280 ఏంటండీ? 220తో చేసిన బళ్లు తిరగట్లేదా?

చాయ్‌బ్రేక్:
మొదలైంది 😀

కొలతరాయుడు:
220 అయినా ఆడుతుంది. గొడవ రాయి నంబరు మీద కాదు.

లేతుపని:
మాట మార్చకండి. డ్రిల్లుకి మూడు రాళ్లు తగిలించి తిప్పితే బోరులో వంకర ఎలా ఉంటే అలాగే పోతుంది. ఓవల్ తీయగలదా అది?

కొలతరాయుడు:
తీయలేదు. అవి స్ప్రింగు రాళ్లు, పాత బోరు మెరుపు పోగొట్టడానికే. నేను చెప్పేది మెషీన్ హోన్.

లేతుపని:
ఆ మెషీన్ ప్రతి ఊళ్లో ఉందా? నేను సైజుకి కొట్టి ఇస్తే, ఇంకొకడు రాళ్లతో రుద్ది రెండు థౌలు తినేస్తాడు. పిస్టన్ టకటకలాడితే తిట్లు మాత్రం బోరింగ్ చేసినవాడికి!

కొలతరాయుడు:
ఇది ముందే అనాల్సింది. గోదారి గారూ, రెండు పనులూ ఒకే షాపుకివ్వండి, పిస్టన్‌తో సహా. పిస్టన్‌ని స్కర్ట్ (కింది భాగం) దగ్గర, గడ్జన్ పిన్నుకు (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను) అడ్డంగా కొలిచి, పిస్టన్ కంపెనీ చెప్పిన క్లియరెన్స్ కలిపితే అదే బోరు సైజు. చల్లారాకే కొలవమనండి, 30 డిగ్రీల వేడికే 0.02 మి.మీ. తేడా వస్తుంది.

గోదారిబండి:
కడగడానికి పెట్రోలు చాలా?

కొలతరాయుడు:
చాలదు. జిడ్డు పోతుంది, రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బుపొడి, బ్రష్. తర్వాత ఆయిల్ రాసి తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ బూడిదరంగు తిరిగితే మళ్లీ కడగాల్సిందే.

లేతుపని:
తడి ఆరగానే ఆయిల్ పూయండి. పోత ఇనుము, చూస్తుండగానే ఎర్రబడుతుంది. హోనింగ్ సంగతి మీ ఇష్టం.