అప్‌డేట్: పాపకి దాత పాలు పట్టించాం

విశాఖలో మా చెల్లికి నెలలు నిండకుండానే పాప పుట్టిందని, పాలు పడలేదని, మిల్క్ బ్యాంకు (వేరే తల్లులు దానమిచ్చిన పాలు దాచే చోటు) పాలు పట్టొచ్చా అని అడిగాను కదా. పట్టించాం.

మా అమ్మ టెన్షనంతా ఆ పాలతో జబ్బులొస్తాయేమోననే. నర్సు ఓపిగ్గా చెప్పారు: దాతకి ముందే హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి, చల్లార్చి, మైనస్ 20లో దాస్తారు. వేడికి కొన్ని రక్షణ గుణాలు తగ్గుతాయి. అయినా నెలలు నిండని బిడ్డకి ప్రమాదకరమైన పేగుజబ్బు డబ్బాపాలతో కంటే వీటితో తక్కువ. ముంబై సయాన్ ఆసుపత్రిలో 1989 నుంచే ఇలాంటి బ్యాంకు ఉందని విన్నాక అమ్మ ఒప్పుకుంది.

పక్కింటావిడ తన పాలిస్తానన్నారు, ఎంత మంచి మనసో! పరీక్షలు లేకుండా నేరుగా వద్దన్నారు డాక్టరు.

చెల్లి మాత్రం పాలు పిండడం మానలేదు, పాపని గుండెకి ఆనించుకునే కూర్చుంది. ఇప్పుడు తన పాలే సరిపోతున్నాయి.