పెసర రకాల ట్రయల్: మూడో రెప్లికేషన్ తీసేయవచ్చా?

16 పెసర రకాలను ఆర్‌బీడీలో (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్), 3 రెప్లికేషన్లతో, అంటే అన్ని రకాలనూ మూడు బ్లాకుల్లో ఒక్కోసారి చొప్పున వేశాను. వరుసల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. ప్రతి ప్లాటులో 5 మొక్కల మీద కొలతలు తీసుకున్నాను. ఎత్తు, 50 శాతం పూతకు పట్టిన రోజులు, 100 గింజల బరువు, వీటిలో రకాల మధ్య తేడా స్పష్టంగా ఉంది. పేచీ అంతా మొక్కకు గింజ దిగుబడి దగ్గరే.

దిగుబడికి రకాల మీన్ స్క్వేర్ (రకాల మధ్య తేడా కొలత) 5.1, ఎర్రర్ (రకాలతో, రెప్లికేషన్లతో సంబంధం లేని తేడా) మీన్ స్క్వేర్ 5.9. అంటే జన్యు వేరియన్స్, రకాల జన్యువుల వల్ల వచ్చే తేడా, మైనస్‌లోకి పోయింది! సగటు 7.8 గ్రాములు, సీవీ (సగటుతో పోలిస్తే ఎర్రర్ ఎంత శాతమో చెప్పేది) 31 శాతం.

ఎంట్రీలన్నీ రెండుసార్లు సరిచూశాను. లాగ్ ట్రాన్స్‌ఫర్మేషన్ చేశాను, మొక్కల సంఖ్యను కోవేరియేట్‌గా (దాని ప్రభావాన్ని తీసేసి చూసేలా) పెట్టాను. ఫలితం మారలేదు.

నా అనుమానం ఒకటే. వాన వల్ల మూడో రెప్లికేషన్‌లో మొదటి కోత 5 రోజులు ఆలస్యమైంది. వెళ్లేసరికి కొన్ని రకాల్లో నల్లబడ్డ కాయలు మెలితిరిగి పగిలి, గింజలు నేల మీద పడి ఉన్నాయి. మిగతా రకాలకు ఏమీ కాలేదు. అన్ని రకాలూ సమానంగా రాలి ఉంటే ఆ నష్టం రెప్లికేషన్ తేడాలోకి పోయేది. అలా జరగలేదు కాబట్టి ఎర్రర్‌లోకే చేరిందనుకుంటున్నా. ఖాళీ కాయలు లెక్కపెట్టలేదు, అది నా తప్పే.

మూడోది తీసేసి చూస్తే ఎర్రర్ 2.4కి, సీవీ 18 శాతానికి దిగాయి. కానీ ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎర్రర్ అంచనాకు మిగిలే స్వతంత్ర సమాచారం) 30 నుంచి 15కి పడిపోతోంది.

కారణం రాసి, దిగుబడి ఒక్కదానికే 2 రెప్లికేషన్లతో విశ్లేషణ ఇస్తే చెల్లుతుందా, లేక 3 రెప్లికేషన్లూ ఉంచి సరిచేసే పద్ధతి ఏదైనా ఉందా?