ఇంగువ కట్టిన గుడ్డ: వెటకారమా, గౌరవమా?

నిన్న మన గ్రూపులో ఒక సభ్యుడు "ఇంగువ కట్టిన గుడ్డ అంటే చితికిపోయినవాళ్లను వెక్కిరించడమే కదా" అని అడిగారు. నేను ఒప్పుకోను. కలిమి పోయినా పాత గుణం పోనివాళ్లను అనే మాట ఇది. మా అమ్మమ్మ ఈ మాటను మా వీధి చివర ఇంటివాళ్ల గురించి అనేది. పొలాలన్నీ పోయి పెంకుటిల్లు ఒక్కటే మిగిలింది వాళ్లకి. అయినా భోజనం వేళకు వెళ్లినవాడు తినకుండా ఆ గడప దాటేవాడు కాదు. "ఇంగువ కట్టిన గుడ్డరా, వాసనెక్కడికి పోతుంది!" అనేది. ఆ గొంతులో వెటకారం లేదు.

ఇప్పటి పిల్లలకు ఈ నుడి పట్టుబడకపోవడానికి కారణం డబ్బా పొడి. ముద్ద ఇంగువను గుడ్డలో మూటగట్టి దాచుకున్న ఇంట్లో దీన్ని విప్పి చెప్పాల్సిన పని ఉండదు. ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండల్లో పెరిగే మొక్క వేరును కోస్తే కారే పాలు గట్టిపడితే అదే ఇంగువ. అందులోని గంధకపు పదార్థాల వల్లే ఆ ఘాటు. అది గుడ్డకు పడితే ఎన్నిసార్లు ఉతికినా ఓ పట్టాన వదలదు. మన దేశంలో దీని సాగు కోసం హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదటి మొక్క నాటింది 2020 అక్టోబరులోనే.

మాట కూడా బయటిదే. సంస్కృతం 'హింగు'లో హకారం జారిపోయి మన నోట 'ఇంగువ' అయింది, 'హంస' 'అంచ' అయినట్టే.

పచ్చిగా ముక్కు మూసుకోవాల్సిన ఇంగువ, కాగిన నూనెలో పడగానే ఉల్లి, వెల్లుల్లి కమ్మదనం ఇస్తుంది. ఆ రెండూ తినని ఇళ్లలో పప్పుచారుకి ప్రాణం ఇదే. పులిహోరకైతే ముద్ద ఇంగువను వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పులుసులో పోస్తే ఆ రుచే వేరు. కడుపుబ్బరానికి మజ్జిగలో చిటికెడు ఇంగువ, ఉప్పు కలిపి తాగడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. పసిపిల్లలకు మాత్రం లోపలికి పట్టకండి, ప్రమాదం. డబ్బా పొడుల్లో చాలావాటిలో మైదా కలుస్తుంది కాబట్టి గోధుమ పడనివాళ్లు లేబుల్ చదివి కొనుక్కోవాలి.

మీ వైపు ఈ నుడిని ఎవరి గురించి, ఏ సందర్భంలో వాడతారు? 'తిరగమోత' అనే ఊళ్లవాళ్లూ, 'తాలింపు' అనే ఊళ్లవాళ్లూ ఇద్దరూ చెప్పండి.