అప్‌డేట్: మా ఆఫీసు ఇంట్రానెట్ చివరికి ఏమైందంటే

మా కంపెనీ ఇంట్రానెట్‌ను (ఉద్యోగుల కోసమే ఉండే లోపలి వెబ్‌సైట్) ఎవరూ తెరవడం లేదు, కొత్తగా ఎలా కట్టాలి అని ఇంతకుముందు అడిగాను కదా. "డిజైన్ సంగతి తర్వాత, ముందు జనం దేనికోసం వెతుకుతున్నారో చూడండి" అని అప్పుడు వచ్చిన సలహానే పట్టుకున్నాను.

పాత సైట్ సెర్చ్ లాగ్, అంటే జనం ఏమేం వెతికారో నమోదయ్యే జాబితా, తీసి చూస్తే నవ్వొచ్చింది. హోమ్‌పేజీలో అంత పెద్దగా పెట్టిన ఎండీగారి సందేశం కోసం ఒక్కరూ వెతకలేదు. అందరికీ కావాల్సింది సెలవు ఫారం, పే స్లిప్, ఫలానా వాళ్ల ఎక్స్‌టెన్షన్ నంబరు. పైగా "లీవ్" అని కొడితే ఏమీ వచ్చేది కాదు. ఆ పేజీ పేరు "అబ్సెన్స్ మేనేజ్‌మెంట్ పాలసీ" మరి!

తర్వాత కార్డ్ సార్టింగ్ చేశాం. పేజీల పేర్లు చీటీల మీద రాసి, మీకు తోచినట్టు గుంపులుగా పెట్టండి అన్నాం. ఎవరూ డిపార్ట్‌మెంట్ల వారీగా పెట్టలేదు, చేయాల్సిన పనిని బట్టే పెట్టారు. మెనూ అలాగే మార్చాం.

అసలు తలనొప్పి పాత ఫైళ్లతో. ఒకే పాలసీకి మూడు కాపీలు, ఏది సరైనదో రాసినవాళ్లకే తెలీదు. ఇప్పుడు ప్రతి పేజీ కింద దాన్ని చూసుకునే మనిషి పేరు, మళ్లీ సరిచూడాల్సిన తేదీ ఉంటాయి. ఎవరూ నాది అనని పేజీని కొత్త సైట్‌లోకి తేలేదు. హెచ్‌ఆర్ వాళ్లు కాస్త అలిగారనుకోండి.

ఫోన్‌లో లాగిన్ ఇంకా సతాయిస్తోంది. అది కుదిరాకే గోడౌన్ సిబ్బందికి ఇస్తాం.